నేను చదివిన యపరాధపరిశోధక నవలలు

ఈ సంవత్సరపు సంచికకు నేనును ఏదైన నొక వ్యాసము వ్రాయవలయునని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, గణితమును గూర్చి వ్రాసెదనని మాట యిచ్చితిని. ప్రతి సంవత్సరము అట్లే చేయుచున్నాను. ఆ వ్యాసమును మొదటినుండి తుదివఱకు చదువువారు ఇద్దఱే యనియు, వారిలో నేనొక్కడను, అచ్చుతప్పులు దిద్దు తెలుగు పండితులు మఱియొకరనియు నాకు తెలియును. కావున నీ సారి మాట తప్పి, కడచిన సంవత్సరకాలమున నేను చదివిన కొన్ని యపరాధపరిశోధక నవలలను గూర్చి వ్రాయుచున్నాను. లెక్కల యుపాధ్యాయునికి హత్యల కథలతో నేమి పని యని తల్లిదండ్రులు శంకింతురేమో. ఆ శంక మొదట నాకును కలిగినది.

ఇది యెట్లు మొదలైనదో చెప్పెదను. కడచిన వానకాలమున తొమ్మిదవ తరగతిలో బహుపదుల పాఠము చెప్పుచుండగా, మూడవ బల్లయందు కూర్చున్న యొక బాలిక తల వంచుకొని మిక్కిలి శ్రద్ధతో నుండెను. బహుపదులయందు అంతటి శ్రద్ధను నా యిరువది యేండ్ల యుద్యోగమున నెన్నడును చూచి యెఱుగను. అనుమానము కలిగి దగ్గఱకు పోయి చూడగా, ఆమె యొడిలో నొక పుస్తకము తెఱచి యుండెను. నేను చేయి చాచితిని. ఆమె మాఱు పలుకక యిచ్చివేసెను. "ఇంక నెన్ని పుటలు మిగిలినవి?" అని యడిగితిని. "ముప్పది యండీ" యనెను. ఆ రెండు మాటలలో నున్నంత దుఃఖము వార్షిక పరీక్షల ఫలితములు చదువునాడు కూడ నేను వినలేదు.

అట్టి పుస్తకములను ప్రధానోపాధ్యాయులకు అప్పగించుట మా నియమము. ఆ సాయంకాలము వారు కార్యాలయమున లేకుండుటచేత దానిని సంచిలో వేసికొని యింటికి తెచ్చితిని. భోజనమైన పిమ్మట, పిల్లలు చదువదగినదో కాదో పరీక్షింతమను నెపముతో మొదటి పుట తిప్పితిని. (నెపమని యిప్పుడనుచున్నాను, అప్పుడది కర్తవ్యముగనే తోచెను.) జపానుదేశమున టోక్యో నగరములో ఒక యుదయము ఒక మనుష్యుడు తన గదికి తాళము వేసి, నది యొడ్డున నిల్లులేనివారు వేసికొన్న గుడారముల ప్రక్కగా నడచి, ఒక చిన్న దుకాణములో మధ్యాహ్నపు భోజనపు డబ్బా కొనుక్కొని పనికి పోవుచున్నాడు. అతడు ఉన్నతపాఠశాలలో గణితోపాధ్యాయుడు. తన తరగతిలో నెవ్వరికిని గణితమునందు ఆసక్తి లేదని యతనికి బాగుగ తెలియును. ఇంక నేనా పుస్తకమును మూయుట యెట్లు? రాత్రి రెండు గంటలకు మా యింటియామె లేచివచ్చి, జవాబుపత్రములు దిద్దుచున్నానని జాలిపడి కాఫీ కాచి యిచ్చెను. నేను నిజము చెప్పలేదు.

ఆ పుస్తకము కెయిగో హిగాషినో వ్రాసిన 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' అను నవల. జపాను భాషలో 2005వ సంవత్సరమున వెలువడి, ఆ దేశపు ప్రసిద్ధ సాహిత్యబహుమానమైన నవోకి బహుమానమును పొందినది. అలెగ్జాండరు స్మిత్తు చేసిన యాంగ్లానువాదము 2011లో వచ్చినది. 2023లో దీనినే కాలింపాంగునకు మార్చి హిందీలో 'జానే జాన్' అను చలనచిత్రముగ తీసిరి. సాధారణముగ నిట్టి కథలయందు హంతకుడెవరను ప్రశ్నను రచయిత తుదివఱకు దాచియుంచును. ఇందట్లు కాదు. యసుకో యను నొక స్త్రీ తన కూతురితో నివసించుచుండగా, విడిచిపోయిన భర్త వచ్చి పీడించును. ఆ పెనుగులాటలో తల్లియు కూతురును కలిసి అతనిని చంపుదురు. ఇది మొదటి యధ్యాయములలోనే మన కన్నులయెదుట జరుగును. ప్రక్కగదిలోనున్న గణితోపాధ్యాయుడు ఇషిగామి గోడ యావలినుండి చప్పుడు విని వచ్చి, వారిని కాపాడుటకు పూనుకొనును. అతనికి ఎదురుగా నిలుచువాడు అతనితో విశ్వవిద్యాలయమున చదివిన భౌతికశాస్త్రవేత్త యుకావా. ఇద్దఱును ఒకరి బుద్ధి నొకరు గౌరవించుకొన్న స్నేహితులు. చంపినదెవరో మనకు తెలియును, పోలీసులకు తెలియదు. అయినను తుదకు మోసపోవువారము మనమే. అదెట్లో చెప్పుట పాపమగును గనుక చెప్పను.

ఆ గ్రంథమున నన్ను విడువక పట్టుకొన్నది హత్య కాదు, ఒక పరీక్షాపత్రము. ఇషిగామి తన విద్యార్థులకిచ్చు లెక్కలను గూర్చి చెప్పుచు, తానొక విధమైన సమస్యను కల్పింతుననును. అది చూపునకు రేఖాగణితపు సమస్యవలె నుండును. విద్యార్థులు బొమ్మలు గీసికొని తంటాలు పడుదురు. నిజమునకది ప్రమేయముల సమస్య. కష్టమైన లెక్క కాదు. ఇది ఫలానా రకపు లెక్క యని ముందుగానే తీర్మానించుకొన్నవానికి మాత్రమే కష్టము. నేనును ఇట్టి లెక్కలనిచ్చి పిల్లలను ఏడ్పించినవాడనే గనుక, అచ్చట పుస్తకమును బల్లమీద నుంచి కొంతసేపు ఊరకుంటిని. ఎందుకో తరువాత చెప్పెదను. మఱియొకచోట యుకావా తన మిత్రునికొక ప్రశ్న వేయును: సమాధానమును స్వయముగ కనుగొనుట కష్టమా, మఱియొకరు కనుగొన్నది సరియో కాదో తేల్చుట కష్టమా? ఇది గణితజ్ఞులు పి, ఎన్‌పి యను పేరుతో పిలుచు ప్రసిద్ధ సమస్యకు దగ్గఱిది. 2000వ సంవత్సరమున క్లే గణితసంస్థవారు దీనిని సాధించినవారికి పది లక్షల డాలర్లు ఇత్తుమని ప్రకటించిరి. ఆ సొమ్ము ఇంకను వారియొద్దనే యున్నది. ఏటికి మూడువేల జవాబుపత్రములు దిద్దువాడను గనుక ఈ విషయమున నా యభిప్రాయము నాకు గలదు.

నాలుగవనాడు ఆ బాలికను పిలిచి పుస్తకము తిరిగి యిచ్చి, "మిగిలిన ముప్పది పుటలును ఆదివారమునాడు చదువుకొనుము, నా గంటలో కాదు" అంటిని. ఆమె పుస్తకమును చూచెను, నన్ను చూచెను. నేను గుర్తుగా పెట్టిన బస్సు టిక్కెట్టు ఇంకను అందే యుండెను. "మీరు చదివితిరా, మాస్టరుగారూ? చివర ఏమగునో ముందే ఊహించితిరా?" అని యడిగెను. లేదంటిని. "మా యక్కయు ఊహింపలేదండీ" యని నన్ను ఓదార్చెను. ఆ యక్క విశాఖపట్టణమున న్యాయశాస్త్రము చదువుచున్నది. అప్పటినుండి నెలకొక పుస్తకము ఆ యక్కయొద్దనుండి చెల్లెలికి, చెల్లెలియొద్దనుండి నాకు చేరుచున్నది.

ఆమెను దండింపకపోవుటకు మఱియొక కారణము గలదు. నా బాల్యమున మా యూరి బస్సు నిలయమునొద్ద అద్దె పుస్తకముల బడ్డీకొట్టు ఒకటి యుండెను. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధరును, ఆయన సహాయకుడు రాజును, మధుబాబుగారి షాడోయును అక్కడనే నాకు పరిచయమైరి. వారిని సాంఘికశాస్త్రపు పుస్తకము మధ్య దాచి నేను చదువుచుండగా మా నాయనగారు రెండుసార్లు పట్టుకొనిరి. మూడవసారి పట్టుకొనలేదు. వారప్పటికి యుగంధరును తామే చదువుచుండిరని మా యమ్మ చాల కాలమునకు గాని చెప్పలేదు.

యక్క పంపిన వానిలో నాకు మిక్కిలి నచ్చినది సుజాతా మాస్సే వ్రాసిన 'ది విడోస్ ఆఫ్ మలబార్ హిల్' (2018). 1921వ సంవత్సరపు బొంబాయిలో పెర్వీన్ మిస్త్రీ యను పార్సీ యువతి తండ్రి కార్యాలయమున న్యాయవాదిగ పనిచేయుచున్నది. మరణించిన యొక మిల్లు యజమానికి ముగ్గురు భార్యలు. ముగ్గురును పరదాలో నుండువారు. ముగ్గురును తమ ధనమును ధర్మనిధికి విడిచినట్లు సంతకములు చేసిన కాగితమొకటి వచ్చును. ఆ సంతకములు చూచి ఆమెకు అనుమానము కలుగును. ఆ స్త్రీలతో మాటాడుటకు పురుషుడైన న్యాయవాది లోనికి పోరాదు, ఈమె పోగలదు. కథయంతయు ఆ యొక్క సంగతిమీదనే నడచును. పోలీసులకు గూడ మూయబడిన తలుపు ఒక యాడపడుచునకు తెఱవబడును.

ఈ పాత్రను కల్పించుటకు రచయిత్రికి స్ఫూర్తినిచ్చినవారిలో కొర్నీలియా సొరాబ్జీ యొకతె. మన చదువరులకు ఆమెను గూర్చి నాలుగు మాటలు చెప్పక విడువలేను. ఆమె 1866లో నాసికమున జన్మించెను. తండ్రి పార్సీమతమునుండి క్రైస్తవుడైన పాదిరి, తల్లి పూనాలో పాఠశాలలు స్థాపించిన యుపాధ్యాయిని. బొంబాయి విశ్వవిద్యాలయమున పట్టము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. ఆక్సుఫర్డునందు న్యాయశాస్త్రము చదివిన మొదటి స్త్రీయు ఆమెయే. చదువు ముగిసినను స్త్రీ యగుటచేత న్యాయవాదిగ నిలుచుటకు చాల కాలము అనుమతి లేకపోయెను. 1904 మొదలు ఆమె కోర్టు ఆఫ్ వార్డ్సు నందు ఉద్యోగియై, పరదాలోని స్త్రీల యాస్తులను కాపాడుటకై పల్లకీలోను, ఏనుగుమీదను, పడవమీదను ఊరూర తిరిగెను. నవలకంటె ఆ జీవితమే విచిత్రముగ నున్నది. మన పాఠశాలలోని బాలికలు ఆమె పేరు ఎఱుగకుండుట నాకు కష్టముగ తోచి, మరునాడు లెక్కల గంటలో పది నిమిషములు ఆమెకే యిచ్చితిని.

అబీర్ ముఖర్జీ వ్రాసిన 'ఎ రైజింగ్ మ్యాన్' (2016) కలకత్తానగరపు కథ. 1919వ సంవత్సరము, రౌలట్టు చట్టము వచ్చిన దినములు, జలియన్‌వాలాబాగు వార్త యింకను రాబోవుచున్నది. యుద్ధమునుండి వచ్చిన ఆంగ్లేయ పోలీసు అధికారి విండ్హాము, అతని క్రింద పనిచేయు సురేంద్రనాథ బెనర్జీ యను బెంగాలీ యువకుడు కలిసి, ఒక తెల్ల యుద్యోగి హత్యను పరిశోధింతురు. సురేంద్రనాథుని పేరు తెల్లవారికి నోరు తిరుగక 'సరెండర్-నాట్' అని పిలుతురు. లొంగకుము అని దాని యర్థము! మొదట నవ్వితిని. తరువాత హాజరుపట్టీ చేతబట్టుకొని తరగతిలోనికి పోయినప్పుడు, పొడుగు పేర్లను నా సౌకర్యముకొఱకు నేనెట్లు తుంచి పిలుచుచున్నానో గమనించి నవ్వు మానితిని. ఈ నవలలో హంతకుని పట్టుకొనుటకంటె, పట్టుకొనువాడు ఎవరి పక్షమున నున్నాడను ప్రశ్నయే పెద్దది. తన దేశపు వారిపై నన్యాయము జరుగుచుండగా ఆ కొలువులోనే యుండి న్యాయము కొఱకు పనిచేయవచ్చునా యని సురేంద్రనాథుడు పడు యాతన అది. దానికి సులభమైన సమాధానమును రచయిత యియ్యలేదు, అది మేలైనది.

రిచర్డ్ ఆస్మన్ వ్రాసిన 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్' (2020) హాస్యప్రధానము. ఇంగ్లండులో కెంటు ప్రాంతమున పూర్వము కన్యాస్త్రీల మఠమైయుండిన చోట కట్టిన వృద్ధుల నివాసమున, నలుగురు వృద్ధులు గురువారము గురువారము కూడి, తేలని పాత హత్యలను విచారింతురు. నవ్వుచు చదివితిని. అయితే వారి సంఘమును స్థాపించిన వృద్ధురాలు, ఒకప్పటి పోలీసు అధికారిణి, స్మృతి లేక మంచముపై నుండగా, స్నేహితురాలు ప్రతిదినము ఆమె ప్రక్క కూర్చుండి కథలు చెప్పు భాగములను మాత్రము నవ్వుచు చదువలేకపోయితిని. మా యమ్మ యవసానకాలము జ్ఞప్తికి వచ్చెను.

అన్నియు నచ్చినవని యనుకొనవలదు. పౌలా హాకిన్స్ వ్రాసిన 'ది గర్ల్ ఆన్ ది ట్రైన్' (2015) నాకు నచ్చలేదు. అందలి మనుష్యులలో నొక్కరినైనను ఇంటికి పిలువబుద్ధి పుట్టదు. ఉద్యోగము పోయినను పోయినట్లు చెప్పక, రేచెల్ అను స్త్రీ ప్రతిదినము లండనునకు రైలులో పోయివచ్చుచు, దారి ప్రక్కనున్న యొక యింటిలోని దంపతులను కిటికీనుండి చూచుచుండును. ఒకనాడు ఆ యింటి యిల్లాలు కనబడకపోవును. రేచెలు త్రాగుబోతు, ఆ రాత్రి తానేమి చేసెనో ఆమెకే జ్ఞాపకము లేదు. కథ చెప్పువారి మాటనే నమ్మరాదనిన చదువరి దేనిని పట్టుకొని నిలుచును? ఇది న్యాయము కాదని విసుగుకొని పుస్తకము మూసితిని. మూసిన తరువాత నిద్ర పట్టలేదు. ఏలయనగా జ్ఞాపకము మోసగించుట యెట్టిదో నాకు తెలియును.

పదునాలుగు సంవత్సరముల క్రిందట నేను వేఱొక యూరి పాఠశాలలో పనిచేయుచుంటిని. ఎనిమిదవ తరగతి నాది, నలువదియొక్కమంది పిల్లలు. విహారయాత్రకై ముప్పదియాఱుమంది తలకొక నూఱు చొప్పున తెచ్చిన 3,600 రూపాయలను ఒక కవరులో పెట్టి బల్లసొరుగున నుంచితిని. సాయంకాలము చూడగా కవరు లేదు. విరామసమయమున ఒక బాలుడు ఒంటరిగ గదిలోనికి పోవుట బంట్రోతు చూచెను. ఆ బాలుడు యాత్రకు సొమ్ము కట్టలేని యైదుగురిలో నొకడు. మరునాడు అతడు క్రొత్త చెప్పులతో వచ్చెను. మూడు సాక్ష్యములు, మూడును నిజములే. ఇంక వేఱే యోచింపవలసిన పనిలేదని, అతనిని తరగతి యెదుట నిలువబెట్టి యడిగితిని. "నేను తీయలేదండీ" యనెను. రెండు దినములు తలుపు బయట నిలువబెట్టితిని. అతడు రెండు దినములును అదియే మాట చెప్పెను.

ఐదవనాడు త్రైమాసిక పరీక్షల జవాబుపత్రముల కట్ట విప్పగా నడుమ కవరు కనబడెను. దానిని నేనే యక్కడ పెట్టితిని. పెట్టినట్లు నేటికిని నాకు జ్ఞాపకము లేదు. సొరుగులో పెట్టినట్లు మాత్రము, ఆ సొరుగు చప్పుడుతో సహా, నేటికిని స్పష్టముగ జ్ఞాపకమున్నది. ఎవరు తీసిరను లెక్కగా నేను దానిని చేసితిని. అది నేనెక్కడ పెట్టితినను లెక్క. ఆ జపానుదేశపు పరీక్షాపత్రమునొద్ద నేను పుస్తకము దించుటకు కారణమిదియే.

బాలుని ఉపాధ్యాయుల గదికి పిలిచి క్షమింపుమని కోరితిని. "పరవాలేదండీ" యని తల వంచుకొనెను. తరగతిలో మాత్రము "కవరు దొరికినది, యాత్రకు పోవుదము" అని మాత్రమే చెప్పితిని. ఎక్కడ దొరికినదో చెప్పలేదు. దండించినది నలువదిమంది యెదుట. క్షమాపణ కోరినది నాలుగు గోడల నడుమ. ఆ సంవత్సరాంతమున తండ్రికి వేఱొక యూర పని దొరికి వారు వెళ్లిపోయిరి.

బైబిలు ననుబంధ గ్రంథములలో సూసన్న కథ యొకటి గలదు. మన తెలుగు ప్రొటెస్టంటు బైబిలులో నది లేదు గాని కేథలిక్కు బైబిలులో నున్నది. దానిని మొదటి యపరాధపరిశోధక కథలలో నొకటిగ నెన్నువారు గలరు. డొరొతీ సేయర్సు 1928లో కూర్చిన కథాసంపుటమున దానిని చేర్చెను. నిరపరాధియైన స్త్రీపై ఇద్దఱు పెద్దలు దొంగసాక్ష్యము చెప్పగా, దానియేలు వారిని వేఱువేఱుగ పిలిచి, ఏ చెట్టు క్రింద చూచితిరని యడుగును. ఒకడు ఒక చెట్టు పేరు, రెండవవాడు మఱియొక చెట్టు పేరు చెప్పి చిక్కుదురు. అంతే కథ. దానియేలు చేసినదెల్ల ఇంకొక ప్రశ్న యడుగుట మాత్రమే. 1929లో రోనల్డు నాక్సు అను కేథలిక్కు గురువు ఇట్టి కథలు వ్రాయువారికి పది నియమములు విధించెను. దైవశక్తులచేత ముడి విప్పింపరాదు. పరిశోధకునికి దొరికిన యాధారమును చదువరికి చూపక దాచరాదు. నేరస్థుడు కథలో ముందుగానే కనబడవలెను. ఈ తుది నియమమును చదివినప్పుడు నా కథయందు నేరస్థుడు మొదటి వాక్యమునుండియు కనబడుచునే యున్నాడని తోచి సిగ్గుపడితిని. తరువాతికాలమున నాక్సు బైబిలును ఆంగ్లములోనికి స్వయముగ ననువదించెను. పాదిరులు ఇట్టి పుస్తకములు చదువవచ్చునా యని నన్నడిగిన మా సహోపాధ్యాయులొకరికి ఇదియే సమాధానముగ చెప్పితిని.

తల్లిదండ్రుల శంకకు నాకు తోచినది చెప్పెదను. మాస్సే, ఆస్మను పుస్తకములను పదవ తరగతివారు నిశ్చింతగ చదువవచ్చును. హిగాషినో పుస్తకమును ఆ వయస్సువారు చదివినను మంచిదే, గాని చదివిన పిమ్మట ఇంటిలో నెవరితోనైన మాటాడవలెను. అందు ప్రేమపేరట జరుగునవి యన్నియు మంచివి కావు. హాకిన్సు పుస్తకము పాఠశాల వయస్సునకు తగదు. నా గంటలో నేదియును తగదు.

ఈ వ్యాసము వ్రాయబూనిన తరువాత ఆ బాలుని యనుమతి లేక వ్రాయుట తగదని తోచి, ఆనాటి విద్యార్థుల నొకరినొకరిని యడుగుచు అతని ఫోను సంఖ్య సంపాదించితిని. ఇప్పుడు హైదరాబాదున లిఫ్టులు బాగుచేయు పనిలో నున్నాడు, వివాహమైనది, చిన్న బిడ్డ. నా పేరు చెప్పగానే గుర్తుపట్టెను. సంగతి చెప్పి, వ్రాయవచ్చునా, అప్పటి నీ తరగతివారికి కూడ ఈ సంచికను పంపవచ్చునా యని యడిగితిని. కొంతసేపు మాటాడలేదు. లిఫ్టు దిగుచున్న చప్పుడు వినబడెను.

"వ్రాయండి సారూ," అనెను. "కాని ఒక్క మాట. ఆ చెప్పులు ఎక్కడివని మీరు నన్నడుగనేలేదు. మా మేనమామ కొనిపెట్టెను. ఆ మాట చెప్పవలెనని ఆ రెండు దినములును బయట నిలువబడి కనిపెట్టుకొని యుంటిని."

సంచిక యచ్చయిన పిమ్మట తనకొక ప్రతి పంపుమని చెప్పి, చిరునామా నిదానముగ రెండుసార్లు చెప్పెను. నేను వ్రాసికొని, సరిగా వ్రాసితినో లేదో మఱల చదివి వినిపించితిని.